'కలర్ ఆఫ్ నైట్': సమీక్షకులు తిట్టిన సినిమాను ఇళ్లలో అంతమంది ఎందుకు చూశారు?

ప్రశ్న
రాసినవారు: నల్లగొండ సినీ మిత్రుడు

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండలో మేము కొందరు మిత్రులం నెలకొకసారి కలుసుకుని, ముందే ఎవరికి వారు చూసి వచ్చిన ఒక పాత సినిమా గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఎంచుకున్న అంశం 1990ల నాటి హాలీవుడ్ శృంగార నేరకథా చిత్రాలు. నా వంతుగా 1994 ఆగస్టులో విడుదలైన 'కలర్ ఆఫ్ నైట్' గురించి మాట్లాడవలసి ఉంది. దర్శకుడు రిచర్డ్ రష్. బ్రూస్ విల్లిస్, జేన్ మార్చ్ ప్రధాన పాత్రలు ధరించారు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. చివరి మలుపు కూడా చెప్పక తప్పదు కనుక, చూడదలచుకున్నవారు ఈ చర్చను తరువాత చదవవచ్చు. న్యూయార్క్‌లో ఒక మానసిక వైద్యుడి కళ్లెదుటే అతని దగ్గర చికిత్స పొందుతున్న స్త్రీ కిటికీలోంచి దూకి చనిపోతుంది. కింద పారిన రక్తాన్ని చూసిన క్షణం నుంచి అతనికి ఎరుపు రంగు కనిపించకుండా పోతుంది. వృత్తి వదిలేసి లాస్ ఏంజెలెస్‌లోని మిత్రుడి దగ్గరికి వెళతాడు. ఆ మిత్రుడూ మానసిక వైద్యుడే. కొద్దిరోజులకే అతను దారుణంగా హత్యకు గురవుతాడు. అతను నడుపుతున్న ఐదుగురి చికిత్సా బృందంలోనే హంతకుడు ఉన్నాడన్న అనుమానంతో కథానాయకుడు ఆ బృందాన్ని తానే నడపడానికి ఒప్పుకుంటాడు. ఇంతలో రోజ్ అనే యువతి అతని జీవితంలోకి వస్తుంది. బృందంలో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని రిచీ అనే కుర్రవాడు, ఈ రోజ్ ఒక్కరేనన్నది చివర్లో బయటపడే రహస్యం.

నన్ను ఆలోచనలో పడేసినది సినిమాకన్నా దానికి వచ్చిన స్పందన. ఆ ఏటి అతి చెత్త చిత్రంగా దానికి ఎగతాళిగా ఇచ్చే బహుమతి గోల్డెన్ రాస్‌బెర్రీ ఇచ్చారు. దాదాపు 4 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే అమెరికా థియేటర్లలో 2 కోట్ల డాలర్లు కూడా రాలేదు. అదే సినిమా మరుసటి ఏడాది, 1995లో, ఆ దేశంలో అత్యధికంగా అద్దెకు వెళ్లిన 20 వీడియోలలో ఒకటిగా నిలిచింది. పైగా అందులోని పాటకు గోల్డెన్ గ్లోబ్ అనే పేరున్న సినీ పురస్కారానికి నామినేషన్ కూడా వచ్చింది. థియేటర్‌కు రాని ప్రేక్షకుడు ఇంట్లో ఎందుకు చూశాడు? సమీక్షకులు మండిపడింది సినిమా మీదనా, అందులోని శృంగారం మీదనా? క్యాసెట్లు అద్దెకు పోవడాన్ని ప్రేక్షకుల మెప్పుగా లెక్కించవచ్చునా? నేను ఇటీవలే చూశాను. నాకు అది మంచి సినిమాగా తోచలేదు గాని, ఏడాది మొత్తానికి అతి చెత్త సినిమా అనదగినదిగానూ తోచలేదు. మా జిల్లాల పాత ప్రేక్షకుల అనుభవం కూడా తెలిస్తే మేలు.

మొదటి సమాధానం
రాసినవారు: పాలమూరు పాఠకుడు

మీరు అడిగిన దానికి జవాబు వెతికే ముందు ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. 1994లో థియేటర్లకు వచ్చిన సినిమా, 1995లో ఇళ్లకు చేరిన సినిమా ఒకటే కావు. ఎడిటింగ్ దగ్గర దర్శకుడు రష్‌కూ నిర్మాత ఆండ్రూ వాజ్నాకూ తీవ్రమైన తగవు వచ్చింది. ఆ కాలంలోనే రష్‌కు గుండెపోటు కూడా వచ్చింది. చివరకు థియేటర్లకు నిర్మాత కత్తిరించిన ప్రతి, వీడియోకు దర్శకుడి ప్రతి వెళ్లేటట్లు రాజీ కుదిరింది. థియేటర్ ప్రతి సుమారు రెండు గంటలు. దర్శకుడిది అంతకన్నా పావుగంటకు పైగా పెద్దది. కాబట్టి విడుదల రోజున రాసిన సమీక్షకులు చూసింది నిర్మాత ప్రతిని. మీరు ఇటీవల చూసింది ఏ ప్రతి అన్నది ముందుగా సరిచూసుకోండి, ఎందుకంటే సమీక్షలతో మీ అభిప్రాయం పొసగకపోవడానికి సగం కారణం అక్కడే దొరకవచ్చు.

పెద్ద ప్రతిలో అదనంగా చేరింది శృంగారం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. ఆ సన్నివేశాల నిడివి పెరిగిన మాట నిజమే. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది, ఆ చికిత్సా బృందంలోని మనుషులకు కాస్త ఊపిరి పీల్చుకునే చోటు దొరకడం. ప్రతి వస్తువునూ లెక్కపెట్టుకుంటూ బతికే పాత్రలో బ్రాడ్ డూరిఫ్, భార్యాబిడ్డలను పోగొట్టుకున్న మాజీ పోలీసుగా లాన్స్ హెన్రిక్సన్, మాటల్లో చలాకీతనం వెనుక ఒంటరితనాన్ని దాచుకున్న స్త్రీగా లెస్లీ ఆన్ వారెన్, వీరంతా అనుభవజ్ఞులైన నటులు. వారు ఒక గదిలో కూర్చుని ఒకరినొకరు పొడుచుకునే సన్నివేశాలు నాటకంలా పండుతాయి. అనుమానితులలో ఒక్కొక్కరినీ మనిషిగా చూడనిస్తేనే హంతకుడు ఎవరన్న ఉత్కంఠ నిలుస్తుంది. పరుగు పెంచడానికి ఆ భాగాలను కుదించినప్పుడు మిగిలేవి హత్యలు, పడక సన్నివేశాలు, కారు వెంబడింపులు మాత్రమే.

రష్ అనామకుడేమీ కాదు. 1980లో వచ్చిన 'ది స్టంట్ మ్యాన్' సినిమాకు ఆయన దర్శకుడిగానూ, స్క్రీన్‌ప్లే రచయితలలో ఒకరిగానూ ఆస్కార్ నామినేషన్లు పొందారు. ఆ తరువాత ఇంచుమించు పద్నాలుగేళ్లకు ఆయన దర్శకుడిగా పూర్తి చేసిన సినిమా ఇది. 2021లో మరణించే వరకు మరో కథాచిత్రం తీయలేదు. అందువల్ల సమీక్షకుల మాటల్లో కోపంతో పాటు నిరాశ కూడా ఉంది. అంతటి దర్శకుడి నుంచి, అంత డబ్బుతో, ఇలాంటిదా అన్నది వారి బాధ.

ఇక రెండో ప్రశ్న. సమీక్షకులు శృంగారాన్ని చూసి ముఖం తిప్పుకున్నారన్న మాటను నేను ఒప్పుకోను. పేరున్న అమెరికన్ సమీక్షకుడు రోజర్ ఈబర్ట్ ఈ సినిమాకు నాలుగు నక్షత్రాలలో ఒకటిన్నర ఇచ్చారు. అదే ఈబర్ట్ 1998లో వచ్చిన 'వైల్డ్ థింగ్స్' సినిమాను నాసిరకం సరుకు అని అంటూనే, ఆ పనిని అది తెలిసి, ఉల్లాసంగా చేసిందని మెచ్చుకుని మూడు నక్షత్రాలు ఇచ్చారు. శృంగారం రెండింటిలోనూ ఉంది. తేడా ఎక్కడంటే, తాను ఏమిటో రెండో సినిమాకు తెలుసు. మొదటిది ఒకవైపు మనసు లోతుల గురించిన గంభీరమైన కథగా నిలబడాలని చూస్తూ, మరోవైపు ప్రతి పదినిమిషాలకూ వెర్రి మలుపు తిరుగుతూ, ప్రేక్షకుణ్ణి ఏ మనసుతో చూడాలో తేల్చుకోనివ్వదు. కాలం కూడా దానికి కలిసిరాలేదు. 1987లో 'ఫేటల్ అట్రాక్షన్', 1992లో 'బేసిక్ ఇన్‌స్టింక్ట్' డబ్బు పంట పండించాక అదే అచ్చులో వరసగా సినిమాలు వచ్చిపడ్డాయి. 1994 నాటికి పత్రికలలో రాసేవారికి ఆ రకం మీద విసుగు పుట్టి ఉండడం సహజం.

రాస్‌బెర్రీ గురించి కూడా ఒక మాట. 1981లో మొదలైన ఈ ఎగతాళి బహుమతిని సమీక్షకుల సంఘం ఇవ్వదు. రుసుము కట్టి సభ్యులైన వారెవరైనా ఓటు వేయవచ్చు. సినిమా చూసి తీరాలన్న పూచీ కూడా గట్టిగా లేదు. మొట్టమొదటి ఏడాదే 'ది షైనింగ్' తీసిన స్టాన్లీ కుబ్రిక్‌నూ, 'డ్రెస్డ్ టు కిల్' తీసిన బ్రయన్ డి పామానూ అతి చెత్త దర్శకుల జాబితాలో చేర్చారు. ఆ రెండు సినిమాలకూ ఈనాడు ఉన్న గౌరవం మీకు తెలుసు. షెల్లీ డువాల్‌కు అప్పుడు ఇచ్చిన నామినేషన్‌ను 2022లో నిర్వాహకులే వెనక్కు తీసుకున్నారు. బ్రూస్ విల్లిస్ కోసం ప్రత్యేకంగా పెట్టిన విభాగాన్ని కూడా, ఆయనకు మాట కోల్పోయే అఫేసియా వ్యాధి ఉన్నదని కుటుంబం ప్రకటించాక, అదే సంవత్సరం రద్దు చేశారు. వెనక్కు తీసుకోవలసి వచ్చే తీర్పును మీ చర్చలో ప్రమాణంగా నిలబెట్టవద్దని నా మనవి. ఏది ఎందుకు నచ్చలేదో కారణాలు చూపిన సమీక్షలను తీసుకుని వాటితో వాదించండి.

రెండో సమాధానం
రాసినవారు: జడ్చర్ల ఆపరేటర్ గారి అబ్బాయి

మీరు మన జిల్లాల అనుభవం అడిగారు కనుక రాస్తున్నాను. మా నాన్నగారు చాలాకాలం థియేటర్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశారు. నా బాల్యమంతా ఆ క్యాబిన్ పక్కనే గడిచింది. 'కలర్ ఆఫ్ నైట్' మా ఊరికి వచ్చిందని నేను చెప్పను. అయితే ఆ జాతి ఇంగ్లిష్ సినిమాలు, ఆ తరువాత మలయాళం నుంచి వచ్చిన డబ్బింగ్ సినిమాలు నైజాం ఏరియా చిన్న పట్టణాలలో ఎలా నడిచేవో, జనం ఎలా స్పందించేవారో దగ్గర నుంచి చూశాను.

ఇవి చాలావరకు మార్నింగ్ షోకే పరిమితం. మ్యాట్నీ నుంచి మామూలు తెలుగు సినిమా నడిచేది. ఆడవాళ్లు, పిల్లలు వచ్చే వేళకు ముందే ఈ ఆట ముగిసిపోవాలన్నది యజమానుల లెక్క. వాల్‌పోస్టర్ మీద పెద్ద అక్షరం 'ఏ' ఉండేది. నిజానికి 'ఏ' సర్టిఫికెట్ అంటే పద్దెనిమిదేళ్లు నిండినవారు మాత్రమే చూడాలన్న నిబంధన. అది శృంగారానికే కాదు, రక్తపాతానికి కూడా ఇస్తారు. మన దగ్గర మాత్రం ఆ అక్షరమే ప్రచారమైంది. కథ ఏమిటో, దర్శకుడు ఎవరో పోస్టర్ మీద కనబడేది కాదు. ఒక స్త్రీ బొమ్మ, ఆ అక్షరం, అంతే.

అసలు మాట ఇక్కడ ఉంది. సెన్సార్ వాళ్లు కత్తిరించి పంపిన ప్రతిలో జనం ఆశించినది ఉండదు. అందుకని కొన్నిచోట్ల మధ్యలో వేరే సినిమా ముక్కలు కలిపేవారు. వాటినే 'బిట్లు' అనేవారు. సర్టిఫికెట్ పొందిన ప్రతిలో అలా కలపడం 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం నేరం. పోలీసులు, రెవెన్యూ అధికారులు వచ్చి రీళ్లు స్వాధీనం చేసుకున్న సందర్భాలు ఉన్నాయి. అలాంటి పనికి మా నాన్నగారు ఒప్పుకోలేదు. అందుకోసం ఒకచోట ఉద్యోగం కూడా వదులుకున్నారు. బిట్టు పడే దాకా హాలులో ఈలలు, ఆపరేటర్ మీద అరుపులు ఉండేవి. పడ్డాక సగం మంది లేచి వెళ్లిపోయేవారు. హంతకుడు ఎవరన్నది తెలుసుకోవాలన్న ఆసక్తితో చివరి రీలు దాకా కూర్చునేది ముందువరుస బెంచీలలో నలుగురో, బాల్కనీలో ఇద్దరో.

ఇప్పుడు చెప్పండి, దీన్ని ప్రేక్షకుల స్పందన అని ఏ ముఖంతో అందాం? టికెట్ తెగింది కనుక నచ్చిందని అనలేం. సగంలో లేచిపోయారు కనుక నచ్చలేదనీ అనలేం. వారు వచ్చింది సినిమా కోసం కాదు. వారికి అమ్మిందీ సినిమా కాదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ బాల్కనీలో చివరిదాకా కూర్చున్న ఇద్దరిలో ఒకరు మా ఊరి డ్రాయింగ్ మాస్టారు. ఫలానా సన్నివేశంలో వెలుతురు ఎటు నుంచి పడింది, అద్దంలో నీడను ఎలా వాడుకున్నారు అని బయటకొచ్చి మా నాన్నగారితో మాట్లాడేవారు. నాసిరకం అని అందరూ తీసిపారేసిన సినిమాలోనూ కెమెరామన్ చేసిన కష్టాన్ని చూసే కళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. వాటికి తగిన సినిమాలు ఆ మార్నింగ్ షోకు రాలేదు.

వీడియో సంగతి వేరు. వీసీఆర్, నాలుగు క్యాసెట్లు ఒక రాత్రికి కిరాయికి తెచ్చుకునే రోజుల్లో మూడు క్యాసెట్లు ఇంటిల్లిపాదికీ. నాలుగోది అందరూ పడుకున్నాక. థియేటర్ మెట్లెక్కితే ఎవరైనా చూస్తారన్న భయం ఇంట్లో ఉండదు. అమెరికాలో థియేటర్‌లో ఆడని సినిమా వీడియోలో ఆడడానికి కారణం కూడా అదే అయి ఉంటుంది. మనిషి సిగ్గు ఏ దేశంలోనైనా ఒక్కటే కదా.

మూడో సమాధానం
రాసినవారు: దేవరకొండ చెల్లెలు

జడ్చర్ల అన్నగారు రాసింది చదివాక నేనూ ఒక మాట చేర్చాలనిపించింది. నేను మానసిక ఆరోగ్య సలహాదారుగా పనిచేస్తున్నాను. ఈ సినిమాను పనిలో భాగంగా కాదు, బ్రూస్ విల్లిస్ మీద అభిమానంతో చూశాను. సమీక్షకులు ఎక్కువగా పట్టుకున్నది రిచీ వేషాన్ని. ఆ కుర్రవాడు నిజానికి రోజేనని తెరమీద కనిపించిన కాసేపటికే తెలిసిపోతుందని, అంత చదువుకున్న వైద్యుడికి తెలియకపోవడం నవ్వు తెప్పిస్తుందని వారు అన్నారు. నిజమే, నేనూ వెంటనే పోల్చుకున్నాను. కానీ నా ఆక్షేపణ అది కాదు.

ఆ వేషం వెనుక కథ చూడండి. ఒక బాలుడిని చికిత్స చేయవలసిన వైద్యుడే హింసించాడు. ఆ బాలుడు ప్రాణం తీసుకున్నాడు. ఆ దుఃఖంతో మతి చెడిన అన్న, తన చెల్లెలిని బలవంతంగా చనిపోయిన తమ్ముడిగా బతకమని శాసించాడు. రోజ్ తన పేరుతో, తన ఒంటితో బతికే హక్కును పోగొట్టుకున్న మనిషి. ఇంత ఘోరమైన విషయాన్ని చేతిలో పెట్టుకుని, సినిమా దాన్ని చివరి పావుగంటలో విప్పే ముడిగా మాత్రమే వాడుకుంది. అంతకుముందు గంటన్నర పాటు అదే అమ్మాయిని కెమెరా ఆశగా చూస్తూ వచ్చింది. ఆమె ఎవరో తెలిశాక, మనం అంతసేపూ చూసినదాన్ని ఎలా తలచుకోవాలి? హింసకు లోనైన మనిషి శరీరాన్ని మనం వినోదంగా చూశాం. సినిమా ఆ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషమైనా ఆగి ఉంటే, దాన్ని నాసిరకం అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆగలేదు. నాకు అది చెత్త సినిమా కావడానికి కారణం శృంగారం ఉండడం కాదు, ఆ శృంగారానికి తన కథే ఏమి అర్థం ఇచ్చిందో సినిమాకు పట్టకపోవడం.

చికిత్సా బృందం విషయంలో కూడా పాలమూరు అన్నగారితో నాకు భేదం ఉంది. నటన బాగుందన్నది ఒప్పుకుంటాను. కానీ అక్కడ జరిగేది చికిత్స కాదు. హత్యకు గురైన మిత్రుడి రోగులను, పోలీసు విచారణకు ఉపయోగపడతారన్న ఉద్దేశంతో మరో వైద్యుడు తన చేతిలోకి తీసుకుంటాడు. వారి అనుమతి పేరుకు మాత్రమే. గోప్యత అన్న మాటే ఉండదు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. అమెరికాలోనూ ఈ వృత్తికి అంతే కఠినమైన నియమాలు ఉన్నాయి. సినిమాకు ప్రతి నియమమూ వర్తించాలని నేను అనను. అయితే లెక్కపెట్టే అలవాటు ఉన్నవాడిని, మాట తడబడే కుర్రవాడిని, పోగొట్టుకున్న బిడ్డను మరువలేని తండ్రిని వరసగా కూర్చోబెట్టి, వీరిలో హంతకుడు ఎవరని ప్రేక్షకుణ్ణి అడగడంలో ఒక అన్యాయం ఉంది. మానసిక సమస్య ఉన్న మనిషి ప్రమాదకారి అన్న భయం మన పల్లెల్లో ఇప్పటికే బలంగా ఉంది. చికిత్సకు తీసుకురావడానికి ఇంటివాళ్లు జంకుతారు. పట్నంలో ఎవరికీ తెలియని చోటికి తీసుకుపోదామంటారు. ఇలాంటి కథలు ఆ భయానికి నీళ్లు పోస్తాయి.

ఎరుపు రంగు కనిపించకపోవడం గురించి చాలామంది వెక్కిరించారు. తీవ్రమైన మానసిక ఆఘాతం తరువాత కంటిలో ఏ లోపమూ లేకుండానే చూపు మందగించడం వైద్యశాస్త్రానికి తెలిసినదే. ఒక్క రంగు మాత్రమే మాయమవడం మాత్రం రచయితల కల్పన అనుకోవాలి. అయినా ఆ కల్పన నాకు నచ్చింది. తనవల్ల ఒక మనిషి చనిపోయిందని నమ్మినవాడు ఆ మరణపు రంగునే చూడలేకపోవడం, అపరాధభావాన్ని మాటల్లేకుండా చెప్పడమే. సినిమాలో అన్నిటికంటే మంచి ఊహ అదే. విచారమేమంటే మధ్యలో చాలాసేపు దాన్ని మరచిపోతారు.

ప్రశ్న వేసినవారి మాట
రాసినవారు: నల్లగొండ సినీ మిత్రుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను చూసింది పెద్ద ప్రతి అని సరిచూసుకున్నాను, నిడివి రెండు గంటల ఇరవై నిమిషాలు. పాలమూరు వారు చెప్పినట్లు బృందం సన్నివేశాల వల్లనే నాకు ఆ సినిమా మీద కొంత గౌరవం కలిగిందని ఇప్పుడు అర్థమవుతోంది. దేవరకొండ చెల్లెలు గారి మాటలు చదివాక ఆ సన్నివేశాలనే మళ్లీ పెట్టుకుని చూశాను. నటులను మెచ్చుకుంటూనే, వారిని ఏ పనికి వాడుకున్నారని అడగవచ్చునని నాకు తోచింది. ఈ రెండూ పరస్పరం కొట్టేసుకునేవి కావు.

ఒక్క సందేహం మిగిలింది. 'బేసిక్ ఇన్‌స్టింక్ట్' తీసిన పాల్ వెర్హోవెన్ 1995లో తీసిన 'షోగర్ల్స్' కూడా రాస్‌బెర్రీలలో అతి చెత్త చిత్రమే. దర్శకుడు స్వయంగా వేదిక ఎక్కి ఆ బహుమతిని అందుకున్నాడు. తరువాత ఇంటి వీడియోలో అది పెద్దగా ఆడింది, కొందరు విమర్శకులు దాన్ని సమర్థిస్తూ రాశారు, 2019లో దాని మీద ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. 'కలర్ ఆఫ్ నైట్'కు మాత్రం అంతటి పునర్విచారణ ఎందుకు రాలేదు?

పాలమూరు పాఠకుడి జవాబు

మంచి ప్రశ్న. 'షోగర్ల్స్'ను సమర్థించినవారు అందులో ఒక దృష్టికోణాన్ని చూపగలిగారు. వినోద వ్యాపారం మనుషులను ఎలా అరగదీస్తుందో చెప్పడానికే దర్శకుడు ఆ అతిని ఎంచుకున్నాడని వారి వాదన. దాన్ని మనం ఒప్పుకోనవసరం లేదు, కానీ సినిమా మొదటి నుంచి చివరి వరకు ఆ వాదనకు ఆధారాలు దొరుకుతాయి. రష్ సినిమాలో అలాంటి ఒకే దారి కనిపించదు. దేవరకొండ చెల్లెలు చెప్పిన ఎరుపు రంగు ఊహ అలాంటి దారి కాగలిగేది. దాన్ని పట్టుకుని చివరిదాకా నడిచి ఉంటే ఈపాటికి దానికీ సమర్థకులు పుట్టేవారు.

2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన పోలాండ్ సినిమా '365 డేస్'ను కూడా పోల్చి చూడండి. సమీక్షలను లెక్కగట్టే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్‌లో దానికి సమీక్షకుల నుంచి సున్నా శాతం ఉంది. సున్నా శాతం అంటే అందరూ సున్నా మార్కులు వేశారని అర్థం కాదు, మెచ్చుకున్నవారు ఒక్కరూ లేరని మాత్రమే. అయినా ఆ ఏడాది అనేక దేశాలలో అత్యధికులు చూసిన సినిమాలలో అది ఒకటి. అపహరణను ప్రేమగా చూపించారని గాయని డఫీ నెట్‌ఫ్లిక్స్ అధినేతకు బహిరంగ లేఖ రాశారు. ఆమె స్వయంగా అపహరణకు, అత్యాచారానికి గురైన వ్యక్తి. ఆ లేఖ ముందు ఎంతమంది చూశారన్న అంకెకు ఏ బలమూ లేదు. జడ్చర్ల వారు చెప్పిన నాలుగో క్యాసెట్టే ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది. తేడా అల్లా, అప్పుడు చూసినవారి లెక్క ఎవరి దగ్గరా లేదు, ఇప్పుడు కంపెనీ దగ్గర ఉంది.

దేవరకొండ చెల్లెలి జవాబు

నల్లగొండ అన్నగారూ, మీ సమావేశంలో ఆడవాళ్లు కూడా ఉంటే, సినిమా చూసి రమ్మనే ముందు అందులో ఆత్మహత్య, బాలలపై హింస ఉన్నాయని అందరికీ చెప్పండి. చూడలేమన్నవారిని బలవంతపెట్టవద్దు, కథ చెబితే చాలు, వారూ చర్చలో పాల్గొనగలరు. చర్చను పడక సన్నివేశాలతో మొదలుపెడితే గదిలో సగం మంది తల దించుకుంటారు, మిగతా సగం మంది నవ్వుతారు. కథానాయకుడు కిటికీ దగ్గర నిలబడి కిందికి చూసే తొలి సన్నివేశంతో మొదలుపెట్టండి. ఆ ఎరుపు రంగు తరువాత ఎక్కడెక్కడ గుర్తుకొచ్చిందో, ఎక్కడ మరచిపోయారో అందరినీ చెప్పమనండి. మీ సమావేశం అయ్యాక అక్కడి మాటలు ఇక్కడ రాస్తే మేమూ చదువుకుంటాం.